ఆకు దూసిన చెయ్యి

“వచ్చే నెల ఆకు దూసేది ఉన్నది. ఎట్ల దూయాల్నో మరదలికి చెప్పిన. రాసుకున్నది.”

“నాకు చెప్పొద్దా?”

“నీకు చెప్తే గాలికి పోతది. కాయితం మీదున్నది పోదు.”

“అయితే గా కాయితాన్నే అన్నం పెట్టుమను.”

నా భర్తకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవి. ఆయన నవ్వాడు. తువ్వాల భుజాన వేసుకుని, చాయ్ కూడా తాగకుండా తోటకు పోయాడు. గంట గడిచిందో లేదో మనుషులు మోసుకొచ్చారు. జీవామృతం డ్రమ్ము పక్కన బోర్లా పడి ఉన్నాడట, కలియబెట్టే కర్ర చేతిలోనే ఉందట. బాన్సువాడ దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. ఆ పూట ఆయన కడుపులో నా చేతి ముద్ద లేదు. నేను అన్న మాట మాత్రం ఉంది.

ఆయన మరదలు అన్నది మా యారాలిని, అంటే నా మరిది భార్యను. ఇప్పుడు నేను చెప్తుంటే రాస్తున్నది కూడా ఆమే. నాకు సంతకం వచ్చు. బస్సు మీద మా ఊరి పేరు పోల్చుకుంటాను. అంతకు మించి రాదు. ఆమె పది పాసైంది. నా మాటను తీసుకుని పుస్తకాల్లో ఉండే తెలుగులో పెడుతుంది. మనుషులు అన్న మాటలు మాత్రం ఎట్లా అన్నారో అట్లాగే రాయాలని ఒట్టు పెట్టించుకున్నాను.

రేపు పొద్దున మా ఆపిల్ చెట్లకు ఆకు దూయాలి. ఈసారి పూత రాకపోతే నా మరిది జేసీబీ పెట్టి తోట మొత్తం పీకించి వరి వేస్తానన్నాడు. పూత రావాలంటే నేను ఈమెకు ఒక సంగతి చెప్పాలి. నోటితో చెప్తే రేపు నేనే అనలేదంటాను. నా సంగతి నాకు తెలుసు. అందుకే రాయిస్తున్నాను.

మా దిక్కు ఆపిల్ ఎవరూ పెట్టరు. నిజాంసాగర్ కాలువ పారే భూమి, అందరికీ వరే. నా భర్త ఒక చలికాలం రైతులతో కలిసి ఉత్తరాదికి టూరు పోయి, తిరిగి వచ్చేటప్పుడు కట్టెల మోపు ఒకటి తెచ్చాడు. తడి చెక్కపొట్టులో చుట్టిన పుల్లలు. ఒక్క ఆకు లేదు. అంత దూరం నుంచి పొయ్యిలోకి పుల్లలు మోసుకొచ్చావా అన్నాను. మా యారాలు మాత్రం వంగి, వేరు దగ్గర వేలితో తాకి చూసి, “బావా, గివి పానంతోనే ఉన్నయ్” అన్నది. ఆయన ముఖం వెలిగింది. అట్లా వెలగడం నా పెళ్ళిలో చూశాను, మళ్ళీ ఆ రోజు చూశాను. పెళ్ళిలో నన్ను చూసి వెలిగింది.

అక్కడి నుంచి మొదలైంది నా కడుపుమంట.

రెండు ఎకరాల్లో ఆ పుల్లలు నాటాడు. మందు బస్తా పొలం గెట్టు దాటనియ్యనన్నాడు. ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి పులియబెట్టిన జీవామృతమే చెట్టుకు తిండి. పేడ ఎత్తింది నేను. తెల్లవారకముందే లేచి ఆవు వెనుక చెంబు పట్టుకుని నిలబడింది నేను. కొమ్మలు నిటారుగా పెరిగితే కాయవట, అడ్డంగా వంగాలట. ప్రతి కొమ్మకూ సుతిలి తాడుతో రాయి కట్టి వంచింది నేను. నా వేళ్ళ సందుల్లో పేడ వాసన పండుగకు కూడా పోయేది కాదు.

సాయంత్రం మాత్రం ఆయన అరుగు మీద కూర్చుని పిలిచేవాడు. “మరదలా, రాస్కో.” ఆమె నోటుబుక్కు, పెన్ను పట్టుకుని కింద మెట్టు మీద కూర్చునేది. ఆయన టూరులో విన్నవి, ఫోనులో చూసినవి చెప్పేవాడు, ఆమె రాసేది. నేను లోపల జొన్నరొట్టె కొడుతుండేదాన్ని. రొట్టె చప్పుడు ఎక్కువైతే ఆయన, “జర మెల్లగ కొట్టవే, మాట వినొస్తలేదు” అనేవాడు. నేను ఇంకా గట్టిగా కొట్టేదాన్ని.

చదివేవాళ్ళు ఏదేదో ఊహించుకోవద్దు. వాళ్ళ మధ్య చెడ్డ సంగతి ఏమీ లేదు. మా అత్త అక్కడే ఒత్తులు చేసుకుంటూ ఉండేది. చెడ్డ సంగతి ఉంటే నాకు తేలికయ్యేది, కొంగు నడుముకు చుట్టి తిట్టి వదిలించుకునేదాన్ని. ఏమీ లేకపోవడమే నాకు కష్టమైంది. నాతో ఆయన ఉప్పు గురించి, బర్రె గురించి, చుట్టాల గురించి మాట్లాడేవాడు. చెట్ల గురించి మాత్రం ఆమెతో మాట్లాడేవాడు. ఆ ఏళ్ళలో ఆయన ప్రాణమంతా చెట్ల మీదే ఉంది. అంటే ఆయన ప్రాణం సంగతి ఆమెకు తెలుసు, ఉప్పు సంగతి నాకు తెలుసు.

ఆయన పోయాక తోటను సగం సగం చూసుకోవాలని మా అత్త చెప్పింది. బోరుకు తూర్పు దిక్కు సాళ్ళు నావి, పడమటి సాళ్ళు మా యారాలివి. భూమి ఇంకా అన్నదమ్ములిద్దరి పేరు మీదే ఉంది. మరిది లారీ మీద తిరుగుతాడు, నెలకు ఒకసారి వస్తే ఎక్కువ. కాబట్టి తోటలో ఆడవాళ్ళం ఇద్దరమే మిగిలాం.

ఆకు దూసే కాలం ఆయన నెల మాసికం కాకముందే వచ్చింది. ఎందుకు దూస్తారంటే, మన దిక్కు చలి చాలదు, ఆపిల్ చెట్టు తనంతట తాను నిద్రపోదు. ఆకులన్నీ తీసేసి, నీళ్ళు బందు పెట్టి, చెట్టును బలవంతంగా నిద్రపుచ్చాలి. నిద్ర లేచినప్పుడు పూస్తుంది. ఇది కూడా నాకు ఆయన చెప్పలేదు. మా అత్త చెప్తే విన్నాను. ఆమెకు మా యారాలు చెప్పింది.

నెల తిరగకుండా నేను గడప దాటకూడదు. కానీ ఆయన చెట్ల మీద ఆమె చెయ్యి మొదట పడడం నేను ఓర్చలేకపోయాను. మాసికానికి నాలుగు రోజుల ముందే తోటకు పోయాను. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అనుకున్నాను.

చింతచిగురు ఎట్లా దూస్తాం? కొమ్మ కొస పట్టుకుని, పిడికిలి బిగించి, కిందికి ఒక్క గుంజు గుంజుతాం. మునగాకూ అంతే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా చేతికి తెలిసిన పని అది. ఆపిల్ ఆకూ అట్లాగే దూశాను. ఒక్క పూటలో రెండు సాళ్ళు అయిపోయాయి. బోడి చెట్లు చూసి నాకు నేనే మురిసిపోయాను. అప్పుడు మా యారాలు నోటుబుక్కు పట్టుకుని గెట్టు మీదికి వచ్చింది.

“అక్కా, గట్ల గుంజకు. కిందికి గుంజితే ఆకుతోని మొగ్గ కూడ ఊడ్తదని బావ చెప్పిండు. రెండు వేళ్ళతోని కాడ పట్టి మీదికి...”

“ఎవ్వలు చెప్పిండ్రు?”

“బావ.”

“నీకు బావ. నాకు మొగుడు. గివి నా మొగుని చెట్లు, నా చెయ్యి. పో, నీ సాల్లు నువ్వు చూస్కో.”

“నీ ఇష్టం అక్కా.”

ఆమె పోయింది. నేను ఆగలేదు. మిగిలిన సాళ్ళు ఇంకా గట్టిగా గుంజాను. ఆకు ఊడిన చోటల్లా చిన్న చిన్న పచ్చి గాట్లు, తడిగా మెరిసేవి. నా అరచేతిలో గోధుమరంగు పొలుసులు అంటుకునేవి. కడిగేసుకున్నాను. అవే మొగ్గలని తెలియదు. తెలుసుకోవద్దని కూడా ఉంది నాకు.

మాఘమాసంలో ఆమె సాళ్ళు పూశాయి. తెల్లగా, అంచున కొంచెం ఎరుపుతో. తేనెటీగలు నా సాళ్ళ మీదుగా ఎగిరి, ఆగకుండా, ఆమె దిక్కు పోయేవి. నా చెట్లకు ఆకులు వచ్చాయి. పువ్వులు అక్కడొకటి, ఇక్కడొకటి. పిందె పడ్డాక ఆమె ఒక్కో గుత్తికి ఒకటో రెండో ఉంచి మిగతావి గిల్లి పారేసింది. అట్లా చేస్తేనే కాయ లావవుతుందట. ఆమె చెట్ల కింద రాలిన పిందెలు చూస్తూ నిలబడ్డాను. ఆమె పారేసినన్ని నా చెట్లన్నింటి మీదా లేవు.

ఎండాకాలం కాయలు రంగు తిరిగాయి. వరి పొలాల మధ్య ఆపిల్ కాసిందని బాన్సువాడ నుంచి మనుషులు బండ్లు వేసుకుని వచ్చారు. మందు కొట్టని కాయ అని చంటిపిల్లల తల్లులు సంచులు పట్టుకుని వచ్చారు. మా యారాలిని చెట్టు పక్కన నిలబెట్టి ఫొటోలు తీశారు. ఒక పిల్ల ఆమెను “ఆపిల్ మేడం” అన్నది. ఆ పేరు ఊరంతా పట్టుకుంది. నేను పేడ గంపతో వెనుక నుంచి పోతుంటే ఫోను పట్టుకున్నాయన చెయ్యి ఊపాడు.

“అవ్వా, జర పక్కకు జరుగు. ఫొటోల పడుతున్నవ్.”

ఆయన పక్కనున్నామె అడిగింది. “కూలికొచ్చినవా అవ్వా?”

“ఆఁ,” అన్నాను. “కూలికే.”

మా యారాలు వెంటనే, “అయ్యో, మా అక్క! గీ తోట మా అక్కదే, మా బావ పెట్టిండు” అని నా చెయ్యి పట్టుకుని ఫొటోలోకి గుంజింది. ఆ మంచితనం నాకు ఇంకా మండింది. చెయ్యి విడిపించుకుని గంప ఎత్తుకున్నాను. నన్ను తరిమేసి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం స్టీలు ప్లేటులో రెండు ఆపిల్ కాయలు పెట్టుకొచ్చి ఆయన ఫొటో ముందు పెట్టింది. ఒకటి కోసి నాకు ఇవ్వబోతే తర్వాత తింటానన్నాను. ఆమె పోయాక రెండింటినీ ఆవుకు పెట్టాను. ఆవు కొరుకుతుంటే వాసన ఇల్లంతా నిండింది. మరునాడు ఎట్లున్నాయక్కా అని అడిగింది. చప్పగా ఉన్నాయన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ రోజు నాకు అన్నం బాగా సహించింది.

ఇక్కడిదాకా ఆమె తలెత్తకుండా రాసింది. ఆవు దగ్గర మాత్రం ఒకసారి నా వైపు చూసి, “రెండా?” అన్నది. రెండు అన్నాను. రాసింది. ఇప్పటిదాకా చెప్పింది ఆమెకు సగం తెలిసిందే. చెప్పాల్సిన సంగతి ఇప్పుడు వస్తుంది.

పోయిన ఏడు ఆకు దూసే కాలానికి నేను గెట్టు ఇవతల నిలబడి ఆమె వేళ్ళ దిక్కు చూశాను. రెండు వేళ్ళు, కాడ, మీదికి. అడిగితే అరక్షణంలో చూపించేది. అడగలేదు. చూసినంత మటుకు చేశాను, చెయ్యి అలసినప్పుడల్లా మళ్ళీ పిడికిలే బిగుసుకుంది. ఆకు దూసి, నీళ్ళు బందు పెట్టి పది రోజులు అయ్యాయో లేదో, జుక్కల్ నుంచి ఆమెకు ఫోను వచ్చింది. తల్లికి బాగాలేదు. బస్సెక్కబోయే ముందు నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, నా సాల్ల దిక్కు నీళ్ళు ఇడ్వకు. ఎవ్వల్ని ఇడ్వనియ్యకు. చెట్లు నిద్రల ఉన్నయ్. జర కావలి ఉండు.”

“పోయి రా. నేనున్న గదా.”

మధ్యాహ్నం కరెంటు వచ్చింది. బోరు దగ్గర రెండు వాల్వులు ఉంటాయి, ఒకటి నా సాళ్ళకు, ఒకటి ఆమెవాటికి. ఆమె వాల్వు తిప్పాను. డ్రిప్పు పైపుల్లో నీళ్ళు నడిచే చప్పుడు వింటూ గట్టున కూర్చున్నాను. మొదటి రోజు ఎవరైనా వస్తారేమోనని దారి దిక్కే చూశాను. రెండో రోజు చూడలేదు. మూడో రోజు అన్నం మూట కూడా కట్టుకుని పోయాను. ఆ మూడు రోజులు ఆయన చెట్లు నా మాట విన్నాయి. అట్లా అనిపించింది. ఆమె వచ్చే ముందు తడి కనిపించకుండా చెట్ల మొదళ్ళలో వరిగడ్డి మందంగా పరిచాను. దిగీ దిగగానే గడ్డి చూసి, “నాకోసం ఎంత పని చేసినవ్ అక్కా” అన్నది.

ఆమె చెట్లు నిద్ర చెడిపోయి లేచాయి. పువ్వు లేదు, కాయ లేదు. పచ్చటి ఆకులు, ఎటు చూసినా ఆకులే. నా సాళ్ళలో వేళ్ళతో దూసిన చోట కొంచెం పూత వచ్చింది, ఈదురుగాలికి అదీ రాలింది. ఆ ఎండాకాలం బాన్సువాడ నుంచి ఎవరూ రాలేదు. ఆపిల్ మేడం అన్న పిల్ల బజారులో కనిపించి “ఈ ఏడు లేవా?” అని అడిగితే మా యారాలు తల దించుకుంది. పక్కన నేను ఉన్నాను. సంతోషం అవుతుందనుకున్నాను. అయింది, కానీ కూరగాయలు కొన్నంతసేపు కూడా నిలవలేదు.

మరిది వచ్చి తోట చుట్టూ తిరిగి చూసి, “ఒక్కసారి కాసింది, గంతే. వచ్చేసారి పూత లేకుంటే పీకిపిచ్చి వరి ఏస్త. ఇగ నన్ను ఆపకుర్రి” అన్నాడు. ఆమె ఏడ్చింది. “బావ చెప్పింది నేనే తప్పు రాసుకున్ననేమో” అని ఎన్నిసార్లు అన్నదో. ఎక్కడికి పోయినా ఆ నోటుబుక్కు చంకలో పెట్టుకునేది, చూపుడు వేలితో ఒక్కో లైను రుద్దుకుంటూ చదివేది. నేను పక్కనుంచే పోయేదాన్ని. ఒక్క మాట చెప్పలేదు.

నిన్న ఆమె నోటుబుక్కు తెచ్చి నా ముందు కూర్చుంది.

“అక్కా, ఒకటి ఆలోచన చేసిన. మొదటేడు చలి బాగుండె, నడ్సింది గని, నీళ్ళు బందు పెట్టుడు మన దిక్కు ఎండలకు నడ్వదేమో. చెట్టు ఎండి, పానం పోతదని భయపడి ఆకు ఏసిందేమో. బావ అక్కడ చలి దేశంల విన్నది చెప్పిండు. ఈసారి నీళ్ళు ఇడ్సుకుంటనే ఉందాం. గా లైను కొట్టేస్త.”

పెన్ను మూత తీసింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను.

“కొట్టెయ్యకు.”

“ఎందుకు?”

చెప్పలేకపోయాను. నీళ్ళు ఇస్తూనే పోతే రెండు దిక్కులా ఆకులే వస్తాయి, తోట పోతుంది. చెప్తే నా ముఖం పోతుంది. మధ్యలో ఇంకొకటి కూడా ఉంది, అది కూడా రాయి అన్నాను. ఆయన మాట తప్పని ఆమె అనడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆయన్ను తప్పు పట్టాలంటే నేను పట్టాలి. ముప్పై ఏళ్ళు పట్టిన దాన్ని.

ఆ బుక్కు నిండా ఆయన మాటలు, ఆమె అక్షరాలు. నేను ఎత్తిన పేడ లేదు, నేను కట్టిన రాళ్ళు లేవు. వెనుక ఖాళీ కాగితాలు ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయన్నది. అయితే వాటి మీద రాయి, నేను చెప్పేది అన్నాను. రాత్రంతా ఆగి, ఈ పొద్దున కూర్చోబెట్టి మొదలుపెట్టాను. అదే ఇది.

వాల్వు తిప్పానన్న చోట ఆమె పెన్ను ఆగింది. నేను ఆవలి గోడ వైపు చూస్తూ మిగతాదంతా చెప్పాను. అదంతా రాసింది. ఇప్పుడు అడుగుతోంది.

“మూడు దినాలా?”

“మూడు.”

“కరెంటున్నంత సేపు?”

“ఉన్నంత సేపు.”

“వాల్వు మొత్తం తిప్పినవా, సగమా?”

“మొత్తం.”

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత అన్నది.

“అయితే బావ చెప్పింది తప్పు కాదన్నట్టు.”

ఆమెకు నేను ఇంత చేశానని విన్నాక కూడా నోట్లోంచి మొదట వచ్చిన మాట ఆయన గురించే. నా కడుపులో మళ్ళీ అదే మంట లేచింది. చెప్పేస్తే పోతుందనుకున్నాను. పోలేదు. అది కూడా రాయమన్నాను.

“నన్ను తిట్టవా?” అని అడిగాను.

“తిట్టింది గూడ రాయాల్నా?”

“రాయాలె.”

“అయితే తిట్టను. ఆ తిట్టు నా దగ్గరనే ఉండనియ్యి.”

ఆమె కళ్ళలోకి చూసే ధైర్యం నాకు లేదు. పెన్ను పట్టుకున్న వేళ్ళనే చూశాను. గోరు కింద తెల్లబడేంత గట్టిగా పట్టుకుంది.

“రేపు పొద్దుగాల్ల నీ సాల్లల్ల కాదు, నా సాల్లల్లకు రా,” అన్నది. “ఫస్టు చెట్టు నా ముంగట దూయాలె. నీ చెయ్యి ఎటు పోతున్నదో నేను చూస్త. వాల్వులు తిప్పే పానా నా దగ్గర ఉంటది.”

“ఉండనియ్యి.”

“పిడికిలి పట్టినవనుకో, చెయ్యి మీద కొడ్త.”

“కొట్టు.”

క్షమించిందో, కావలి పెట్టిందో నాకు తెలియదు. ఆయన నాకు నేర్పని పని రేపు ఈమె నేర్పుతుంది. నేర్చుకుంటాను, కానీ మెత్తగా నేర్చుకుంటానని మాట ఇవ్వను. ఆమె ఎంత రాసిందో, ఏం వదిలిందో నాకు చూసినా తెలియదు. నల్లగా, వరుసగా, అందంగా ఉంది. నా పాపం కూడా ఆమె చేతిలో అందంగానే వచ్చింది.

“ఇగ సదువు చెల్లె. మొదటి సంది సదువు. నీళ్ళు ఇడ్సిన కాడికి వచ్చినంక గొంతు తగ్గియ్యకు, నేను వినాలె.”